నాలుగంటే ఆగు, ఐదంటే సరిజేస్కో

మా టైపు మేడం ఇక లేరని పోయిన మంగళవారం పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. మగ్గం దిగి అట్లాగే నడిచాను. నేను పోయేసరికే వాళ్ల గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. గద్వాలలో సగం మందికి ఆమె టైపు నేర్పారు, మిగతా సగానికి మెయిల్ పంపడం నేర్పారు. నేను ఆ రెండో సగంలో మొద్దుల జాబితావాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటాక మేడం తన సెంటర్‌లో టైపు మిషన్లను వెనక గదిలోకి జరిపి, ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టారు. ఉద్యోగాలకో, కాలేజీలకో పంపిన మెయిల్ అందక తిరిగొస్తే, దాంతో వచ్చిన ఇంగ్లీషు చూసి జనం హడలిపోయేవారు. గోపాల్‌పేట రైతొకాయన అందులో 'ఫేటల్' అన్న మాట చూసి, చావు కబురనుకుని, ఎవరికేమైందో చెప్పమని కాళ్లావేళ్లా పడ్డాడు. మేడం నవ్వకుండా ఆ పేజీ ప్రింటు తీసి, మూడంకెల నంబరు కింద పెన్సిలుతో గీత గీసి, దాని పక్కనున్న వాక్యం ఎవరిది వాళ్లతోనే చదివించేవారు. తనే చదివి చెప్పొచ్చు కదా అని నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఢిల్లీ చేనేత ప్రదర్శనలో స్టాలు కోసం దరఖాస్తు పెట్టాను. చీరల ఫొటోలు శనివారం సాయంత్రం ఆరింటిలోగా మెయిల్లో అందాలి. అప్పటిదాకా మా చీరలు షావుకారు పేరు మీదే పోయేవి, నేసినవాడెవడో కొన్నవాళ్లకు తెలిసేది కాదు. ఒక్కసారైనా నా చీర నా పేరుతో అమ్ముడుపోవాలని నాకు పిచ్చి ఆశ. అందుకే అంచులో జరీ పోగులు లెక్కపెట్టుకునేంత పెద్దగా ఫొటోలు స్కాన్ చేయించాను. పోగు కనపడని ఫొటో చూపించడం నేతగాడికి నామోషీ. శనివారం మధ్యాహ్నం పంపితే కాసేపటికే తిరిగొచ్చింది, ఐదుతో మొదలయ్యే నంబరుతో. ఢిల్లీవాళ్లు వద్దన్నారనుకున్నాను. మన మొకానికి ఢిల్లీనా అనుకుంటూ లేచాను.

"కూసో. గిది వాళ్ల మాట గాదు, మిషన్ మాట. నీ ఫొటోలు బరువైనయి, గంతే" అన్నారు మేడం.

ఆమె ఫొటోలను చిన్నవి చేస్తుంటే జరీ మసకబారి నా ప్రాణం ఉసూరుమంది. గొణిగాను.

"చీర పంపుతలేవు బిడ్డా, కబురు పంపుతున్నవు."

మళ్లీ పంపాం. కొంతసేపటికి ఇంకో ఇంగ్లీషు ఉత్తరం. ఈసారి నంబరు నాలుగుతో మొదలైంది. టైము నాలుగున్నర. ఇంకో పదిసార్లు పంపుదామని నేను మౌసు మీద పడితే, ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టారు.

"నాలుగంటే ఆగుమన్నట్టు, ఐదంటే సరిజేస్కొమ్మన్నట్టు. అవతల రద్దీ ఉంది. మన దిక్కు మిషనే మళ్లమళ్ల పోయి తలుపు కొడ్తది. నువ్వు పంపే పని లేదని కింద రాసే ఉంది, చదువు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నిజంగానే అట్లా రాసి ఉంది. ఆ తరువాత గంటసేపు నేను తెరకు అతుక్కుపోయాను. ఆమె మాత్రం వెనక గదిలో ఎవరి టైపు కాగితమో దిద్దుతూ కూర్చున్నారు. ఆరు కొట్టకముందే ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది, దరఖాస్తు అందిందని. మేడం క్లాసు అయిపోకముందే గంట కొట్టి, ఆ రోజుకు అందర్నీ ఇళ్లకు పంపేశారు.

స్టాలు వచ్చింది. పైన బోర్డు మీద నా పేరు, కింద మా ఊరి పేరు. తీసుకుపోయిన చీరలన్నీ రెండో రోజుకే అమ్ముడుపోయాయి. ఆ సంతోషం పట్టలేక అక్కడే ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి మేడంకు మెయిల్ రాశాను. తిరిగొచ్చింది. ఐదు నంబరు. ఈసారి నాకు చెమటలు పట్టలేదు. పక్కనున్న వాక్యం నెమ్మదిగా చదివి, నవ్వుకుంటూ పోయి ఫోన్ చేశాను.

"మేడం, మీ మెయిల్ డబ్బా నిండింది. జాగ లేదట."

సగం ఊరు తమ జవాబులకు ఆమె అడ్రసే ఇస్తుంటే జాగ ఎక్కడ మిగులుతుంది!

"ఎవరు చదివి చెప్పిన్రు?" అన్నారు.

నేనే చదివిన అన్నాను. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసి అక్కడ గద్వాలలో తన సెంటర్‌లో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్తున్నారు, ఇక్కడ ఢిల్లీలో నాకూ వినబడుతూనే ఉంది.

"మనోడు సొంతంగ చదివిండు."