పగడాలకు పట్టిన నీళ్లు

మా ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన నీళ్లు మనుషులకు కాదు. ముందుగదిలో టీవీ ఉండాల్సిన చోట ఒక గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, రెండు నారింజరంగు చేపలు, రాళ్లను పట్టుకుని పెరిగే పగడాలు. సముద్రం మొహం ఎరగని డోర్నకల్‌లో ఇంట్లో సముద్రాన్ని పెంచడమంటే ఎంత చాకిరో నన్నడగండి. పొద్దున పాసింజరెక్కి మహబూబాబాద్ ఆఫీసుకు పోయి, సాయంత్రం ఊడిన చెప్పుతో ఇల్లు చేరి, చీర కొంగు దోపుకుని నేను చేసే మొదటి పని నీళ్లు మొయ్యడం.

తొట్టి మా ఆయనది. ఆయన గూడ్సు బండి నడుపుతాడు. రెండేళ్ల కిందట ఒక మలుపులో పట్టాల మీదికి మనిషి వచ్చాడు. ఈయన హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. అంత బరువున్న బండి అనుకున్న చోట ఆగుతుందా? ఆ మనిషి దక్కలేదు. ఆయన తప్పేమీ లేదని విచారణలో తేలింది. పైవాళ్లు అదే చెప్పారు, డాక్టరూ అదే చెప్పాడు, నాకైతే చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఆయన మాత్రం కంచం ముందు కూర్చుని, "నేనేం తప్పు జేసిన? ఇంకింత ముందుగాల సూసుంటే ఆగుతుండెనా?" అని అడిగేవాడు. డ్యూటీలో మళ్లీ చేరాడు గానీ ఇంటికొస్తే కునుకు లేదు.

ఒకసారి సికింద్రాబాద్‌లో తోటి డ్రైవరు ఇంటికి పోతే, అక్కడ ఇలాంటి తొట్టి ఉందట. దాని ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడట. ఇంటికొచ్చి, "గసోంటిది మనింట్ల గూడ పెట్టుకుందామా?" అన్నాడు. ఆయన నోట ఒక కోరిక విని ఎన్నాళ్లయిందో. పెట్టుకుందామన్నాను. తొట్టి వచ్చింది, ఆయనకు నిద్ర వచ్చింది. అందుకే ఈ పగడాలు బతకడం నాకు ముఖ్యం. వాటి మీద ప్రేమతో కాదు.

నీళ్ల సంగతి తర్వాత తెలిసింది. పగడాలు చూడ్డానికి రాళ్లలాగే ఉంటాయి గానీ ప్రాణమున్నవి. వాటి ఉప్పు వేరే వస్తుంది, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఆ ఉప్పు కలిపే నీళ్లలో ఇంకేమీ ఉండకూడదు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అవి పనికిరావు. మొదట్లో ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చాం. తొట్టి అద్దాల మీదా రాళ్ల మీదా నాచు కమ్ముకుంది. ప్లాంటాయన్ను అడిగితే దాచకుండా చెప్పాడు.

"ఉత్త ఫిల్టర్ నీళ్లు సప్పగుంటయక్కా, జనం తాగరు. జర బోరు నీళ్లు కలుపుతం."

జనానికి రుచి కావాలి, పగడాలకు ఏ రుచీ ఉండకూడదు. చివరికి ఇంటి వెనక వసారాలో మేమే నీళ్లు వడకట్టే మిషన్ ఒకటి బిగించుకున్నాం. అది ఒక బకెట్ మంచినీళ్లు ఇవ్వడానికి మూడు బకెట్లు మోరీలోకి వదులుతుంది. ఎండాకాలం బోరు అడుగంటి నీళ్లు మరీ చిక్కబడితే, ఫిల్టర్లు చెప్పిన గడువుకు సగంలోనే పూడుకుపోతాయి. కొత్తవి వేసిన నెల నా చీటీ డబ్బు వాటికే పోతుంది. ఒకసారి కూర్చుని లెక్కేశాను. మేం తాగే నీళ్లకంటే చేపల నీళ్లకు ఎన్నో రెట్లు పడుతోంది. లెక్క ఆయనకు చూపించలేదు. చూపించి మాత్రం ఏం చేస్తాను?

మోరీలోకి పోయే నీళ్లు చూసి అసలు ప్రాణం కొట్టుకుంది అత్తమ్మకు. ఆమెది నర్సింహులపేట పక్కన పల్లె. మామయ్య పోయిన దగ్గర్నుంచి మాతోనే ఉంటోంది. పెళ్లయిన నాటి నుంచీ దూరం బావి నుంచి నెత్తిన నీళ్లు మోసిన మనిషి.

"గిన్ని నీళ్లు గిట్ల ఇడిచిపెడుతరా? మీకేమన్న పాపమనిపిస్తలేదా?" అని మొదటిరోజే గొడవపెట్టుకుంది. పగడాలంటే ఏమిటో చెబితే, "ఉంగరంల పెట్టుకునే పగడమా? దానికి నీళ్లెందుకు?" అని నవ్వింది. ఆ పూట నుంచి వదిలేసే నీళ్లన్నీ ఆమె ఆధీనంలోకి వెళ్లాయి. బకెట్లు, బేసిన్లు, పాత రంగుడబ్బాలు, ఏది దొరికితే అది పట్టి పెట్టేది. వాటితో నేను బట్టలు ఉతకాలి, బండలు కడగాలి. మా ఇంట్లో కాలు తీసి కాలు వేయాలంటే గిన్నె తగిలేది. విసుగొచ్చేది. కానీ ఆమెతో వాదించడం కంటే బండలు కడుక్కోవడమే నయం.

వానలు మొదలయ్యాక పగడాలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. పూవులా విచ్చుకుని ఊగేది ఒకటి ఉండేది, ముందు అది మూసుకుపోయింది. తర్వాత ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. ఆయన ఫిల్టర్లు మార్చాడు, ఉప్పు మార్చాడు, లైటు తగ్గించాడు. హైదరాబాద్‌లో పగడాలు అమ్మినతనికి ఫోన్ చేశాడు. పక్కనే ఉన్న నాకూ వినపడింది.

"అన్నా, నీళ్లకు రాగి ఏమన్న తగులుతుందా? చేపలు తట్టుకుంటయి గానీ పగడాలకు అది విషం."

ఈయన పైపులన్నీ తడిమాడు, మోటారు విప్పి చూశాడు. అంతా ప్లాస్టిక్కే. ఇక చూడ్డానికేం మిగల్లేదు. ఆ రోజు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ, "నేనేం తప్పు జేసిన?" అన్నాడు. మళ్లీ అదే మాట. మళ్లీ నిద్ర లేదు.

మరుసటి వారం నాకు జ్వరమొచ్చి ఆఫీసుకు సెలవు పెట్టాను. పొద్దున వసారాలోకి వచ్చేసరికి అత్తమ్మ రాగిబిందె వంచి, మిషన్ నుంచి వచ్చే మంచినీళ్లు పట్టుకునే ప్లాస్టిక్ డ్రమ్ములోకి నీళ్లు పోస్తోంది. చింతపండుతో తోమిన బిందె ధగధగ మెరుస్తోంది.

"గదేంది అత్తమ్మా?" అన్నాను.

"గంత పైసలు వెట్టి పట్టే నీళ్లు ప్లాస్టిక్‌ల ఉంచుతరా ఎవలన్న? వానలు వడ్డకాన్నుంచి మీరు పండుకున్నంక బిందెల పోస్త, రాత్రంత ఉంచుత, తెల్లారి నువ్వు ఆఫీసుకు పోయినంక మల్ల గిండ్ల పోస్త. రాగి నీళ్లు మంచియి. మనం తాగే నీళ్లకే అన్నేండ్లు గట్ల జేసినం. మల్ల గియి వాని పానం లెక్క సూసుకునేటియి గదా." నా ముఖం చూసి ఆగింది. "ఏమైంది, గట్ల సూస్తున్నవ్?"

ఆమెకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బిందెను అటకెక్కించేసి ఊరుకోవచ్చు. కానీ తన వల్లే పగడాలు చచ్చిపోయాయని అక్కడ ఆయన కుమిలిపోతున్నాడు. ఆయన్ను బయటపడేయాలంటే ఈ ముసలితల్లి మీదికి తోయాలి. అబద్ధానికీ ఓపిక కావాలి, ఆ పొద్దు నాకది లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"మనం తాగితె మనకేం గాలేదు గదా?" అంది. చేపలకూ ఏమీ కాలేదు, పగడాలకే పడదు అన్నాను. బిందె పక్కన కూర్చుండిపోయింది.

"వానికి తెల్సా?"

"తెల్వదు. తనే ఏదో తప్పు జేసిండనుకుంటుండు."

సాయంత్రం దాకా ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, ఇంకా డ్యూటీ సామాన్ల డబ్బా కింద పెట్టకముందే అత్తమ్మ ఎదురెళ్లింది.

"కొడుకా, నీ పగడాలను సంపింది నేను. నీళ్లు రాగిబిందెల ఉంచిన."

ఆయన నావైపు చూశాడు. నేను తలూపాను. డబ్బా కింద పెట్టి, తల్లిని మంచమ్మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు తెల్వదు గదనే అవ్వా. సంపాల్నని జేసినవా? మంచిగుండాల్ననే జేసినవ్. నీ తప్పేమున్నది?"

బండి కింద పడ్డ మనిషి గురించి అత్తమ్మ ఈ రెండేళ్లలో ఒక్క మాట ఎత్తలేదు. ఆ సంగతి ఆమెకు అర్థం కాలేదేమో అనుకునేదాన్ని. ఆమె కొడుకు ముఖంలోకి చూసింది.

"మరి గా దినం నీ తప్పేమున్నది బిడ్డా?"

అధికారులు చెప్పినా, డాక్టరు చెప్పినా, నేను చెప్పినా చెవికెక్కని మాట. ఇప్పుడు తన నోటితోనే తల్లికి చెప్పేశాడు, వెనక్కి తీసుకోలేడు. ఆమె ఒడిలో తల పెట్టి భోరున ఏడ్చాడు. రెండేళ్లలో ఆయన ఏడవడం అదే మొదలు. ఆపుదామని అడుగు వేసి, ఏడవనీ అనుకుని, నేను గడప మీదే కూర్చుండిపోయాను.