పాతవి తీసే ముందు ఎక్కించిన గాజులు

నా చిన్నప్పుడు తాండూరులో జరిగిన ఈ ముచ్చటను ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. నేను "మా అవ్వ చెయ్యి" అని మొదలుపెట్టగానే కొడుకు ఫోను తీస్తాడు, కోడలికి పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి. ఒకసారి మనవరాలి పుట్టినరోజున సగం దాకా చెప్పాను. సరిగ్గా గాజుల ఖాలా గడపలోకి అడుగుపెట్టే చోట కేకు వచ్చింది. కేకు కోసిన తర్వాత, ఎక్కడ ఆపావని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను. కాగితానికి అడ్డంగా కేకు రాదు.

మా అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు ఆమే చేసేది. వేడినీళ్లతో పిండి పిసికి, పీట మీద పెట్టి అరచేత్తో కొడుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. నేను ఆ చప్పుడుకే నిద్ర లేచేవాణ్ణి. ఒక చలికాలం ఆ చప్పుడు మారింది. రెండు దెబ్బలు పడేవి, ఆగేది. మళ్లీ ఒకటి పడేది, ఆగేది. పొద్దున్నే నీళ్ల చెంబును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తేది. వేళ్ల కణుపులు లావెక్కాయి, మణికట్టు ఉబ్బింది. ఇదంతా ఇంట్లో అందరికంటే ముందు చూసింది నేను. అమ్మకు చెబితే పోయి ఆడుకొమ్మంది. నాయనకు చెబితే "పెద్దోళ్ల ముచ్చట నీకెందుకుర" అన్నాడు. తర్వాత ఒకరోజు ఆ చెంబు అవ్వ చేతిలోంచి జారి బండల మీద పడి సొట్ట పోయింది. అప్పుడు అందరూ ఆమె చెయ్యి చూశారు. చెంబు సొట్టను నమ్మారు కానీ నా మాటను నమ్మలేదు. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

తాత ఆమెను రైల్లో వికారాబాద్ తీసుకుపోయాడు. ఏడ్చి నేనూ వెంటపడ్డాను. అక్కడి డాక్టరు మంచివాడు. ఇది కీళ్లవాతమని, పూర్తిగా పోయే జబ్బు కాదని, కానీ కీలుకు విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుందని నెమ్మదిగా చెప్పాడు. అరచేతి నుంచి మోచేతికి సగం దాకా వచ్చే సన్నటి చెక్కపలక ఒకటి ఇచ్చాడు. దానికి దూది పెట్టి, బట్టపట్టీలతో చేతికి కట్టాలి. రాత్రంతా అలా ఉంచి పొద్దున విప్పాలి. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచి వేళ్లు మెల్లగా ఆడించాలి. పగలంతా కట్టి ఉంచితే చెయ్యి బిగుసుకుపోతుందని రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడు దాన్ని స్ప్లింట్ అంటున్నారు. అప్పుడు మేము దాన్ని పలక అనే అన్నాం.

కట్టు కట్టడానికి కాంపౌండర్ వచ్చాడు. అవ్వ మణికట్టు నిండా పచ్చటి మట్టిగాజులు. కణుపులు వాయకముందు ఎప్పుడో వేసుకున్నవి. ఇప్పుడవి ఎంత లాగినా చేతిమీది నుంచి దిగడం లేదు. ఆయన లోపలికి పోయి పట్టుకారు తెచ్చాడు.

"అటు దిక్కు చూడమ్మా. నొప్పి లేకుంట పలగ్గొట్టేస్త."

అవ్వ చేతిని కొంగులోకి లాక్కుంది. "నా మొగడు గీడనే కూసున్నడు. ఆయన ముందల నా గాజులు పలగ్గొడ్తవా?"

మా వైపు ఆడవాళ్ల గాజులు పగలగొట్టేది భర్త పోయిన రోజున. కాంపౌండర్‌కు అది తెలియక కాదు, తొందరలో ఆలోచించలేదంతే. ఆయన మొహం పాలిపోయింది. పట్టుకారు జేబులో దాచుకున్నాడు. అవ్వ లేచి బయటికి నడిచింది. తాత ఆ పలకను పాత పేపరులో చుట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

తిరుగు రైల్లో తాత అన్నాడు, "నాకేం గాదే. గాజులు పోతె నేను పోతనా?"

"ఊకో. నలుగురు ఇంటున్నరు," అంది అవ్వ.

అప్పుడు నేను అడిగాను. "మరి చెయ్యి నొప్పి ఎట్ల పోతది?"

మళ్లీ అడిగాను. తాత కిటికీ బయటికి చూశాడు. అవ్వ కొంగులో చెయ్యి సర్దుకుంది. తాండూరు వచ్చేదాకా ఆ ప్రశ్న అలాగే మా ముగ్గురి మధ్య కూర్చుని ఉంది.

పలక గోడ గూట్లోకి పోయింది. మర్నాటి నుంచి రొట్టెలు అమ్మ చేసింది. అవ్వ గోడకు ఆనుకుని, పని లేని చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. పలక కట్టకుండా ఇంకొన్నాళ్లు పోతే ఆ చేతులు ముడుచుకుపోతాయని డాక్టరు చెప్పిన మాట నా చెవిలో ఉంది. ఇంట్లో చెబితే వినేవాళ్లు లేరు. అందుకని పక్క వీధిలో గాజులు అమ్మే ఖాలా ఇంటికి పోయాను. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, వీధంతా ఆమెను అలాగే పిలిచేది.

ఆమె గాజులను దారానికి గుచ్చుతోంది. నేను వికారాబాద్ ముచ్చట మొదలుపెట్టగానే చేతిలో దారం పక్కన పెట్టింది. చివరిదాకా విన్నది. తర్వాత ఏ చెయ్యి అని అడిగింది. కణుపులు ఎంత వాచాయో నా వేళ్లతో చూపించమంది. "మణికట్టు కాడ గాజులు తిరుగుతున్నయా బేటా, ఇరుక్కున్నయా?" అంది. తిరుగుతున్నాయన్నాను. ఒక పెద్దమనిషి నన్ను రెండో ప్రశ్న అడగడం నా బతుకులో అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే ఖాలా తన గాజుల పెట్టెతో మా గడపలోకి వచ్చింది.

"గాజులేసుకుంటవా అక్క?"

"ఉన్నయే పలగ్గొడ్తమంటున్నరు. కొత్తయి ఏడ ఏసుకుంట?" అంది అవ్వ.

"తీసుడు తర్వాత ముచ్చట. నేను ఏసేదానికి వచ్చిన. జర చెయ్యి ఢీలా ఇడువు."

వేడినీళ్లు తెప్పించి అవ్వ చేతిని అందులో ఉంచింది. తుడిచి ఆముదం రాసింది. పెట్టె అడుగు నుంచి అన్నిటికంటే పెద్ద సైజు పచ్చగాజులు తీసింది. అవ్వ బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపులను ఒక్కొక్కటిగా మెత్తగా నొక్కుతూ, మొదటి గాజును ఎక్కించింది. అది పాత గాజుల మీదుగా దాటి పైకి పోయింది. మోచేతి కిందుగా, పలక అందని చోట, కండ మీద ఆగింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. అవ్వ పళ్లు బిగపట్టింది.

"ముసలిదానివైతివి గని నీ చెయ్యి ఇంక పెండ్లిపిల్లదే అక్క. మస్తు సిగ్గువడ్తున్నది," అంది ఖాలా.

"నీ నోట్ల మన్నువడ," అంది అవ్వ. అని నవ్వింది. వికారాబాద్ నుంచి వచ్చాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

కొత్తవన్నీ పైన కూర్చున్నాక ఖాలా అడిగింది, "ఇగ చెప్పు. నీ చెయ్యి బోసిగున్నదా?"

అవ్వ చూసుకుంది. "లేదు."

"గియ్యి నీ గాజులు. కిందియి పాతయి. గాజులున్న చేతికెల్లి పాతయి తీస్తె తప్పేముంది?"

అవ్వ తల ఎత్తి తాత వైపు చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "నన్ను చూస్తవేందే. బతికే ఉన్న," అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పాత గాజుల కింద ఖాలా పలచటి పట్టుగుడ్డ దూర్చింది. దాని మీద నూనె పోసి, గుడ్డతో పాటు ఒక్కో గాజును కణుపులు దాటించింది. చాలాసేపు పట్టింది. ఆమె కోసం పెట్టిన చాయ్ చల్లారిపోయింది. ఒక్క గాజు కూడా చిట్లలేదు. అవ్వ వాటిని కొంగున ముడి వేసుకుంది. తాత గూట్లోంచి పలక తెచ్చి, దూది సర్ది, తనే పట్టీలు కట్టాడు. పట్టీ కింద తన వేలు దూరుతోందో లేదో చూసి, బిగుతుగా ఉందని విప్పి మళ్లీ కట్టాడు.

అద్భుతాలు జరగలేదు. నొప్పి పోలేదు. కానీ రాత్రుళ్లు ఆమెకు నిద్ర పట్టింది, పొద్దున చెయ్యి కొంచెం తేలిగ్గా విప్పారేది. వేడినీళ్లలో ముంచి, వేళ్లు ఆడించి, బాగున్న రోజుల్లో రొట్టెలు చేసేది. బాగులేని రోజు అమ్మకు పీట ఇచ్చేది. ఒకసారి మొండికేసి పలకతోనే రొట్టె కొట్టింది. పట్టీల నిండా పిండి పట్టింది. తాత తిట్టుకుంటూ దులిపాడు. ఆ తర్వాత మా ఇంట్లో రొట్టె చప్పుడుతో పాటు మోచేతి కాడ గాజుల చప్పుడు కూడా వినిపించేది. చాలా ఏళ్లకు తాత ముందుగా పోయాడు. ఆ రోజు ఆ గాజులు ఎవరు తీశారో నేను చూడలేదు. చూడదలచుకోలేదు.

డాక్టరు చెప్పింది నిజమే. కాంపౌండర్ కూడా చెడ్డవాడు కాదు. అందరూ ఆ చేతి నుంచి ఏం తీయాలా అని ఆలోచించారు. ఆ చేతికి ముందు ఏం ఇవ్వాలా అని ఖాలా ఆలోచించింది. నా దగ్గర మిగిలింది ఆ వరస ఒక్కటే.

ఇప్పుడు నా భార్య చేతులకు అదే జబ్బు వచ్చింది. ఆమె చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంటోంది. ఆ పట్టు నాకు తెలుసు. ఈసారి కూడా ముందు చూసింది నేనే, ఈసారి కూడా ఎవరూ వినలేదు. కొడుకుకు చెబితే "అమ్మకు తెలవదా నాయినా" అన్నాడు. కోడలు "కట్టుకుంటర్లే మామయ్యా" అంది. ఇప్పటి వికారాబాద్ డాక్టరు పలకకు బదులు ఇచ్చిన పట్టీ మంచిది. మెత్తటి బట్ట, లోపల సన్నటి రేకు, అంటుకునే పట్టీలు. అది కవరు కూడా విప్పకుండా ఫ్రిజ్ మీద ఉంది. గాజుల కోసమే వెనకాడుతోందేమోనని బజారుకు పోయి పెద్ద సైజువి తెచ్చాను. చూసి బీరువాలో పెట్టింది. రొట్టెలు చేయడం పోతుందని బాధేమోనని, అవి నేను చేస్తానన్నాను. "మీరు కొడితె అయి తాండూరు బండలైతయి, రొట్టెలు గావు," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు జవాబు కాదు.

నేను రాసింది ఏదైనా ఆమె చదువుతుంది, తప్పులు పట్టడానికి. కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. ఆ పట్టీ కట్టుకుంటే నీ చేతి నుంచి ఏం పోతుందని నీ భయం? గాజులు కావు, రొట్టెలు కావు అంటే మరింకేమిటి? ఏదైనా సరే, చెప్పు. ముందు దాన్ని తెచ్చి నీ చేతికి ఎక్కిస్తాను, పట్టీ సంగతి ఆ తర్వాత. రైల్లో నేను అడిగినదానికి ఇప్పటికీ ఎవరూ జవాబు ఇవ్వలేదు. అదే మళ్లీ అడుగుతున్నాను. మరి చెయ్యి నొప్పి ఎట్ల పోతది? కిటికీ బయటికి చూడకుండా, నా వైపు చూసి చెప్పు.