బహుమతి పుంజు కూర్చున్న బుట్ట

సుబ్బాయమ్మగారు పొదగేస్తే ఒక్క గుడ్డూ మురగదని వాళ్ల వీధిలో పేరు. ఎవరింట్లో కోడి పొదుగుకు వచ్చినా ముందు ఆవిడకే కబురు వెళ్లేది. పసుపు నీళ్లతో చేతులు కడుక్కుని, గుడ్లను కోడి కింద ఒక్కొక్కటిగా సర్ది, "పిల్లలు దిగేక పిలవండమ్మా" అని వచ్చేసేవారు. భర్త పోయి, బిడ్డలు లేని ఆ మనిషికి ఊళ్లో ఉన్న గౌరవమంతా ఆ చేతి మీదే నిలబడింది.

అప్పట్లో నేను రాజోలు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. 1979 మాఘమాసంలో మా దగ్గర్లో పశువుల ప్రదర్శన జరిగింది. కోళ్లకు కూడా బహుమతులు పెట్టారు. టీకా వేయించిన కోళ్లనే రానిస్తామన్నాం. సుబ్బాయమ్మగారు తన నెమలి రంగు పుంజుకు సూది వేయించారు గాని పెట్టలకు వద్దన్నారు.

"గుడ్లు మానేస్తాయండి. మీకు తెలీదండి" అన్నారు.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మీ ఖర్మ అనుకుని మందుల పెట్టె మూసేశాను.

ఆవిడ పుంజుకే మొదటి బహుమతి వచ్చింది. చప్పట్లు ఇంకా ఆగలేదు, దాని పక్క బుట్టలో, టీకా వేయించామని బొంకి ఎవరో తెచ్చిన పెట్ట మెడ వాల్చేసింది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. బుట్ట నిండా ఆకుపచ్చ రెట్ట. కొక్కెర తెగులు! ఆ పెట్టను అవతలికి పంపించి, దారికి అడ్డంగా నిలబడి, వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒకటే పాట పాడాను.

"మీ కోడి బాగానే కనపడచ్చు. అయినా మూడు వారాలు దాన్ని మిగతా కోళ్లతో కలపకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు సుబ్బాయమ్మగారు, పుంజున్న బుట్టను చంకన పెట్టుకుని.

పదో రోజున సుబ్బాయమ్మగారి వీధి నుంచి కబురొచ్చింది. సైకిలు మీద వెళ్లి చూద్దును కదా, ఇంటింటి ముందూ చచ్చిన కోళ్లు! కొన్ని మెడలు మెలిపడి గిరగిరా తిరుగుతున్నాయి. పొదుగు మీద కూర్చున్న పెట్టలు గుడ్ల మీదే చచ్చిపోయాయి. ఒక ముసలమ్మ చల్లబడిపోయిన గుడ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీధి మొత్తం మీద ఒక్క కోడి కూత లేదు.

నా కోపమంతా సుబ్బాయమ్మగారి మీదకి వెళ్లింది. గుమ్మంలోకి వెళ్తూనే అరిచాను.

"కలపొద్దని చెప్పేనా లేదా? పుంజుని వదిలేసేరు కదూ?"

ఆవిడ కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ పెట్టలు కూడా అన్నీ పోయాయి. నన్ను కొబ్బరి తోట చివరికి తీసుకెళ్లారు. అక్కడ పాకలో, కాలికి తాడుతో పుంజు. దానికి వేరే గింజలు, వేరే నీళ్ల ముంత. టీకా పుణ్యమా అని నిక్షేపంలా ఉంది.

"దీనికి మేత పెట్టేక కాలవలో స్నానం చేసి, చీర మార్చుకునే ఇంట్లోకి వెళ్లేనండి. ఈ పది రోజులూ ఒక్క పురుగుని కూడా ఇటు రానివ్వలేదండి."

నేను తెల్లబోయాను. ఇంత చేసిన మనిషి ఇంట్లోకి తెగులు ఎలా వచ్చింది?

మేం ఇంటికి వచ్చేసరికి పక్కింటి కనకరత్నం వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో ఒక వెదురు బుట్ట. దానికి పసుపు రాసి కుంకం బొట్లు పెట్టారు.

"పిన్నిగారండీ, ఇంక ఇదెందుకండీ మాకు" అంటూ ఏడుస్తూ బుట్టను కింద పెట్టింది.

"ఏం బుట్టమ్మా అది?" అన్నాను.

"బహుమతి పుంజు కూర్చున్న బుట్టండి. పొదుగుకొచ్చిన కోడిపెట్టని గుడ్లతో సహా ఇందులో ఒక పూట కూర్చోబెడితే, పిల్లలన్నీ అలాంటి పుంజులే దిగుతాయని మేమే అడిగేమండి. పిన్నిగారు కాదన్లేదు. ముందు తన పెట్టనే కూర్చోబెట్టి, పూటకో ఇంటికి ఇచ్చేరండి."

వంగి చూశాను. బద్దల సందుల్లో ప్రదర్శన నాటి ఆకుపచ్చ రెట్ట ఎండి అలాగే ఉంది. కడిగితే అదృష్టం పోతుందని ఎవరూ కడగలేదట. ఏయే ఇళ్లకు వెళ్లిందని అడిగాను. కనకరత్నం ఒక్కో పేరూ చెప్పింది. ఇప్పుడే నేను చూసొచ్చిన ఇళ్లే, ఒక్కటి తప్పకుండా.

సుబ్బాయమ్మగారు బుట్ట వంకా, నా వంకా మార్చి మార్చి చూశారు.

"పుంజుని కలపొద్దన్నారు, కలపలేదండి. బుట్ట మాట మీరు చెప్పలేదు కదండీ?"

నిందగా అనలేదు. నిజంగానే అడిగారు. అంత అరిచినవాడిని, బుట్ట కాల్చెయ్యండి అన్న ఒక్క ముక్క అనలేదు. బుట్ట సంగతి నాకు తట్టనేలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటింటికీ వెళ్లి, "తెగులు నా బుట్టలోదేనమ్మా, నా చేత్తోనే ఇచ్చేను" అని చెప్పుకున్నారు. వెనక నేను సున్నం చల్లుకుంటూ నడిచాను. ప్రతి గుమ్మంలోనూ విన్నాను. తప్పు నాది కూడానని ఒక్క గుమ్మంలోనూ నోరు విప్పలేదు.

ఆ తర్వాత పొదగేయడానికి ఆవిడను ఎవరూ పిలవలేదు.