అదేగా బావ

ఏ ఆట పేరు చెప్పినా "అదేగా" అని పెదవి విరవడం బావకున్న ఒకే ఒక్క జబ్బు. దానికి మందు లేదు. కొత్త ఆట వచ్చిందని జనం ఎగబడుతుంటే, బావ మాత్రం సోఫాలో వెనక్కి వాలి, టీవీ వంక చూసీ చూడనట్టు చూసి, "ఏముంది ఇందులో, పోయినేడు వచ్చిందీ అదేగా" అనేవాడు. గుర్రం మీద తిరిగే ఆటకీ అదే మాట, కారులో తిరిగే ఆటకీ అదే మాట. ఫుట్‌బాల్ ఆటను కూడా వదల్లేదు. "అటువాళ్ళు ఇటు పరిగెడతారు, ఇటువాళ్ళు అటు పరిగెడతారు. అదేగా."

ఈ మాట తన ఇంట్లో కూర్చుని అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. బావ కూర్చునేది బావమరిది షాపులో. ఆ షాపులో అమ్మేవి వీడియో ఆటలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

షాపు ముందు గదిలో గాజు బీరువాలు, వాటి నిండా ఆటల డిస్కులు. వెనక గదిలో వరసగా టీవీలు, కన్సోళ్ళు, కూర్చుంటే లేవనివ్వని ఒక పాత సోఫా. వచ్చినవాళ్ళు కాసేపు ఆడుకుని, నచ్చితే డిస్కు కొనుక్కుపోవచ్చు. బావమరిది మంచి ఉద్యోగం మానుకుని, ఇంట్లో అందరితో చీవాట్లు తిని పెట్టుకున్న షాపు అది. ఒకప్పుడు కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ఇప్పుడు ఆటలు ఇంట్లోంచే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. బీరువాలో డిస్కు చూసి, "ఇవి ఇంకా వస్తున్నాయా" అని చనిపోయారనుకున్న మనిషి ఎదురైనట్టు అడుగుతున్నారు. ఏడాది తిరిగేలోపు షాపు ఉంచుతావో తీసేస్తావో తేల్చుకోమని గది యజమాని చెప్పి వెళ్ళాడు. ఆరోజు నుంచి బావమరిదికి అన్నం సహించడం లేదు.

ఇంత కష్టంలో ఉన్నవాడికి దేవుడు ఒక సాయం చేయకపోతే పోయె, బావని ఇచ్చాడు.

బావ లిఫ్టుల మెకానిక్కు. పగలంతా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసి, పని అవగానే గ్రీజు మరకల చొక్కాతో నేరుగా షాపుకొచ్చి సోఫా ఎక్కేవాడు. "పైకి, కిందకి, పైకి, కిందకి తిరిగేవాడివి, నువ్వా ఆటల్ని పట్టుకుని అదేగా అనేది?" అని బావమరిది ఒకసారి అడిగాడు. "అందుకే కదరా, నాకంటే ఎవడికి బాగా తెలుస్తుంది?" అన్నాడు బావ. అక్క మొగుడు. బయటికి పొమ్మనడానికి లేదు. బావమరిది పిలవడం విని షాపుకొచ్చేవాళ్ళంతా అతన్ని బావ అనే పిలిచేవారు. బావ కంటే పదిహేనేళ్ళు పెద్దాయన, రిటైరైన బస్సు కండక్టరు కూడా "బావగారొచ్చారా?" అనే అడిగేవాడు.

ఒకరోజు బ్యాంకు క్యాషియరు ఒకాయన వచ్చి, బీరువాలోంచి అన్నిటికంటే పెద్ద పేరున్న ఆట తీయించాడు. బావమరిది డిస్కు తుడిచి సంచిలో పెట్టబోతున్నాడు. చాలా రోజులకి తగిలిన బేరం.

"మా ఆఫీసులో అందరూ ఇది పూర్తిచేసేశారండీ" అన్నాడు క్యాషియరు. "నేనే రెండో లెవెల్లో ఆగిపోయాను. ఒకటే నవ్వుతున్నారు. ఇంట్లో ప్రాక్టీసు చేద్దామని."

లోపలి సోఫాలోంచి గొంతు వచ్చింది. "రెండో లెవెల్ దాటితే ఏమొస్తుందో తెలుసా సార్?"

"ఏమొస్తుందండీ?"

"రెండో లెవెలే వస్తుంది. రంగు మారుస్తారు. మీవాళ్ళు పూర్తిచేశామంటున్నారే, వాళ్ళు చేసింది ఒకటే పని పదిసార్లు. మీరు ఒక్కసారితో కనిపెట్టేశారు. అదేగా."

క్యాషియరు ముఖం విప్పారింది. బావమరిది చేతిలోని డిస్కు తీసి బల్లమీద పెట్టి, "బాగా చెప్పారు బావగారూ. రేపు మావాళ్ళతో ఇదే అంటాను" అని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. బావమరిది ఆ ఖాళీ సంచిని చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

బావకి దీటుగా నిలబడ్డవాడు కాలేజీ లెక్చరరు ఒక్కడే. ఆయన ఆరాధ్య దైవం ఒక కత్తివీరుడి ఆట. ఆ ఆటలో మంచుకొండ ఎక్కాలి. ఆయన ఎక్కలేక, కొండ సగంలోంచి జారి జారి, ఇక వదిలేద్దామనుకుంటున్న రోజుల్లో బావ పక్కన చేరాడు.

"లక్షలమంది మెచ్చుకున్న ఆటండీ ఇది" అన్నాడు లెక్చరరు.

"లక్షలమందికి పనిలేదు. టవరెక్కాలి, మ్యాపు తెరవాలి, నలుగుర్ని చంపాలి, ఇంకో టవరెక్కాలి. అదేగా."

"ఆ మంచు చూడండి. ఆ వెలుతురు చూడండి. నడుస్తుంటే అడుగుల చప్పుడు ఎలా మారుతోందో వినండి."

"మంచైతే ఏం, మట్టైతే ఏం? నడవడమేగా."

"రోజూ భోజనం చేస్తారు. అదేగా అని మానేశారా?"

"మా ఆవిడ వంటని ఒక్కసారి అదేగా అన్నాను. ఆ తర్వాత ఆ మాట ఇంటి గుమ్మం దాటి లోపలికి తీసుకెళ్ళలేదు."

లెక్చరరుకి ఒళ్ళు మండింది. "మీ నోరు మూయించడానికైనా ఈ కొండెక్కి, పైన ఏముందో చూపిస్తాను" అని కంట్రోలరు బిగించి పట్టుకున్నాడు. పట్టుదల మీద ఎక్కేశాడు కూడా. పైనుంచి లోయంతా కనిపిస్తుంటే గర్వంగా బావ వైపు తిరిగాడు. బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. "పైకెక్కారా? ఇక దిగాలి. అదేగా" అన్నాడు.

పోనీ తనైనా ఆడతాడా అంటే అదీ సరిగ్గా ఆడడు. ఎవరైనా జోడీగా రమ్మంటే సోఫా అంచుకు జరిగి మొదలుపెట్టేవాడు. గెలుపోటములు తేలబోయే సమయానికి కంట్రోలరు ఒళ్ళో పడేసి, "విసుగురా బాబూ, అదేగా" అనేవాడు. ఏ ఆటా చివరిదాకా వెళ్ళేది కాదు. ఓటమి భయంతో తప్పించుకుంటున్నాడని బావమరిది లెక్క కట్టుకున్నాడు. వీడికి ఆడటం రాదు, ఆడేవాళ్ళని ఆడనివ్వడు, కొనేవాళ్ళని కొననివ్వడు, నా షాపుకి పట్టిన శని వీడే అనుకున్నాడు. మనిషికి కష్టం వచ్చినప్పుడు కారణం ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంటే వేరే చోట వెతకడు గదా.

ఇక తట్టుకోలేక అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, నాకు ఒక్క మేలు చెయ్యి. బావని కొన్నాళ్ళు షాపుకి రానివ్వకు."

"ఏం చేశాడురా?"

"ఏమీ చెయ్యడు. అదే బాధ."

అక్క ఒప్పుకుంది. ఇంట్లో ఊగే కుర్చీలు, కారే కుళాయిలు, మూతపడని అలమారాలు అన్నీ బావకి ఒక్కసారే చూపించింది. బావ షాపుకి రావడం ఆగిపోయింది.

బావమరిది బీరువాలు తుడిచాడు. కొత్త ఆటలు ముందు వరసలో పెట్టాడు. ఎవరైనా "ఇదెలా ఉంటుంది?" అంటే నోరారా పొగిడాడు. బేరాలు పెరగలేదు. అంతకంటే విచిత్రం, వెనక గది కూడా ఖాళీ అవడం మొదలైంది. లెక్చరరు వచ్చి, వాదించడానికి ఎవరూ లేక, కాసేపు బొమ్మ చూసి లేచిపోయాడు. క్యాషియరు గుమ్మంలోంచి తొంగిచూసి, "బావగారు లేరా?" అని అటునుంచి అటే వెళ్ళాడు.

కండక్టరుగారు మాత్రం ఎప్పటిలా వచ్చి కూర్చున్నాడు. ఆయన ఆడే ఆటలో తాడు వంతెన ఒకటి దాటాలి. ఏళ్ళతరబడి కదిలే బస్సులో ఏమీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. వంతెన మధ్యలో బొమ్మ పడిపోయేది. బావ ఉన్నప్పుడైతే పడిన ప్రతిసారీ, "ఈ వంతెన కట్టినవాడికి బుద్ధి లేదు కండక్టరుగారూ. ప్రతి ఆటలోనూ ఇదే వంతెన, ఇలాగే పడేస్తారు" అనేవాడు. పెద్దాయన టీవీ వంక చూసి, ఆ వంతెన కట్టినవాణ్ణి హాయిగా నాలుగు తిట్టి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆరోజు బొమ్మ పడింది. పక్కన ఎవరూ మాట్లాడలేదు. "ఇంకోసారి ప్రయత్నించండి, తేలికే" అన్నాడు బావమరిది, ధైర్యం చెబుతున్నాననుకుని. మళ్ళీ పడింది. కండక్టరుగారు టీవీ వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు. కంట్రోలరు జాగ్రత్తగా సోఫా మీద పెట్టి, "వస్తానోయ్" అని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అంత తేలికైన మాట మనిషికి అంత బరువవుతుందని బావమరిదికి ఎవరూ చెప్పలేదు. ఏదో పొరపాటు చేశానని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అక్క భోజనం క్యారేజీ ఇచ్చి, "మీ బావ ఆఫీసుల బిల్డింగులో ఉన్నాడు, ఇచ్చిరా" అంది. వెళ్ళేసరికి లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుని ఉంది. బావ నేలమీద బోర్లా పడుకుని తలుపు సందులో నోరు పెట్టి మాట్లాడుతున్నాడు. లోపల ఒక ఆడమనిషి ఏడుపు గొంతు.

"నేనే ఏదో తప్పు నొక్కానండీ. అందరి పనీ ఆపేశాను."

"మీరేం తప్పు నొక్కలేదమ్మా. ఈ లిఫ్టులన్నీ ఇంతే. పైకెళ్తాయి, కిందకెళ్తాయి, మనసైతే మధ్యలో కూర్చుంటాయి. ఏ బిల్డింగులో చూసినా అదేగా."

"నిజంగానా?"

"నా సర్వీసంతా వీటితోనే పోయింది. ఇంత పొగరు మనిషికి కూడా ఉండదు."

లోపల ఏడుపు ఆగి చిన్న నవ్వు వినిపించింది. బావ లేచి వెళ్ళి, మోటారుని చేత్తో తిప్పి లిఫ్టుని అంతస్తుకి చేర్చాడు. ఆవిడ బయటికొచ్చి, లిఫ్టుని నోటికొచ్చినట్టు తిడుతూ, కుంటుకుంటూ వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి, బావ తలుపు గాడిలోంచి స్క్రూడ్రైవరుతో ఒక ముక్కని పైకి తీశాడు. చెప్పు మడమ. అది ఇరుక్కునే లిఫ్టు ఆగింది.

"అంటే తప్పు ఆవిడదే కదా బావా?" అన్నాడు బావమరిది.

"ఊరుకోరా. లిఫ్టుకేమైనా మనసుందా, బాధపడటానికి?" అని బావ ఆ మడమని జేబులో వేసుకుని, క్యారేజీ అందుకున్నాడు.

బావమరిది అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. క్యాషియరు వేసిన ఈల గుర్తొచ్చింది. ఒళ్ళో పడేసిన కంట్రోలర్లన్నీ గుర్తొచ్చాయి. కండక్టరుగారి చేతులు గుర్తొచ్చాయి. ఆటకి మాత్రం మనసుందా, బాధపడటానికి? ఇంతకాలం ఆటల తరఫున కోపం తెచ్చుకున్నాడే గాని, ఆడేవాళ్ళ తరఫున ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గుగా అనిపించింది.

"సాయంత్రం షాపుకి రా బావా."

"మీ అక్క అలమారా ఇంకా మూతపడలేదు."

"అది నేను చూసుకుంటాను. వచ్చేటప్పుడు కండక్టరుగారింటికి వెళ్ళి ఆయన్ని తీసుకురా."

బావ తీసుకొచ్చాడు. "ఆ వంతెన ఆటకి రెండో భాగం వచ్చిందండీ, అందులోనూ వంతెనే" అని దారిపొడవునా ఆటని తిడుతూ తీసుకొచ్చాడు. వెనక గది మళ్ళీ నిండింది. ముందు గది మాత్రం నిండలేదు. డిస్కులు కొనేవాళ్ళు ఏ బావ వల్లా పోలేదు, ఏ బావ వల్లా తిరిగి రాలేదు. ఏడాది తిరిగింది. షాపు తీసేయక తప్పలేదు.

చివరి రోజు సాయంత్రం బీరువాలు ఖాళీగా ఉన్నాయి. ఒక టీవీ, ఒక కన్సోలు, సోఫా మిగిలాయి. లెక్చరరు, కండక్టరు గోడకానుకుని నిలబడ్డారు. ఒక్క షాపు నిలబెట్టుకోలేకపోయాను, నాకేం చేతకాదు అని బావమరిది లోపల ఒకటే మాట తిరుగుతోంది. తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

బావ సోఫాలో వెనక్కి వాలి గది నాలుగు మూలలా చూశాడు.

"ఏం షాపులురా ఇవి. పొద్దున షట్టరెత్తాలి, రాత్రి షట్టరు దించాలి. ఏ వీధిలో చూడు, అదేగా."

బావమరిది తలెత్తాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇక్కడ ఇరుక్కున్నది తను, సందులో నోరు పెట్టి మాట్లాడుతున్నది బావ.

"ఒక్క ఆట ఆడదాం బావా" అన్నాడు.

ఇద్దరూ కొట్టుకునే ఆట పెట్టారు. కాసేపటికే బావమరిది బొమ్మ మోకాళ్ళ మీదికి వచ్చేసింది. బావ అలవాటుగా కంట్రోలరు ఒళ్ళో పెట్టబోయాడు.

"పెట్టొద్దు. ఈ ఒక్కసారి చివరిదాకా ఆడు."

బావ అతని ముఖంలోకి చూశాడు. సరేనని సోఫా అంచుకు జరిగాడు. ఆ తర్వాత జరిగింది ఆట కాదు. బావ అతని బొమ్మని నేలకి, గోడకి, ఆకాశానికి వేసి ఉతికాడు. బటన్ల మీద ఆ వేళ్ళు ఎక్కడున్నాయో కంటికి ఆనలేదు. లెక్చరరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. షాపు పెట్టినప్పటి నుంచి అంత ఘోరంగా బావమరిదిని ఎవరూ ఓడించలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వాగాక కంట్రోలరు ఒళ్ళో పడేసి వెనక్కి వాలాడు.

"ఏముంది బావా ఈ ఆటలో. గుద్దాలి, తన్నాలి. అదేగా."

బావ చటుక్కున లేచి కూర్చున్నాడు. "ఏమన్నావురా? ఈ ఆటనా? ఇది చేసినవాళ్ళ చేతులకి మొక్కాలి. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క బరువు పెట్టారు. ఇన్నేళ్ళు షాపు నడిపి నువ్వేనా ఆ మాట అనేది?"

గోడ దగ్గర ఇద్దరూ నోళ్ళు తెరిచారు. బావమరిది మాత్రం నెమ్మదిగా అన్నాడు.

"ఊరుకో బావా. ఆటకేమైనా మనసుందా, బాధపడటానికి?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు కంట్రోలరు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "కండక్టరుగారూ, మీరొచ్చి ఇలా కూర్చోండి" అని సోఫాలో పక్కకి జరిగాడు.