పెట్టెకు రాని తెలుగు

మా ఇంటికి వచ్చే చుట్టాలు రెండు రకాలు. తెలుగు తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. తెలిసినవాళ్ళు వస్తే ఏదైనా చాటుమాట కోసం వంటింట్లోకి పోవాలి. తెలియనివాళ్ళు వస్తే వాళ్ళ ముందే కానిచ్చేయొచ్చు. ఈ తమిళ ఊళ్ళో, ఆర్.ఎస్. పురంలో మా ఇల్లు చిన్నది, వంటిల్లు ఇంకా చిన్నది. అందుకని రెండో రకమే మాకు అనుకూలం.

ఈ విద్యలో మా అత్తది అందె వేసిన నోరు. పక్కింటి తమిళావిడ వస్తే "వాంగ, ఉక్కారుంగ" అని రమ్మని, కూర్చోమని, ఆ చిరునవ్వు చెదరకుండానే నావైపు తిరిగి, ఆ తీపి గొంతుతోనే, "పాలు అయిపోయినాయి, వెనక దోవన పోయి తీసుకురా, ఆయమ్మకి తెలియకూడదు" అంటుంది. ఆవిడ అది తన గురించిన పొగడ్తే అనుకుని నాకూ ఒక నవ్వు పంచుతుంది. అత్త ముఖం తమిళంలో ఉంటుంది, నోరు తెలుగులో ఉంటుంది. ఎన్నో తరాలుగా మాకు ఇంటి పేచ్చే, అంటే ఇంటి మాటే, ఇంటి గోడ.

గోడకు బీటలు లేవని కాదు. ఒకసారి అవినాశి పోయే బస్సులో ముందు సీటాయన చొక్కా గురించి అత్త నాకు తెలుగులో వివరంగా చెబుతోంది. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, "నిజమేమ్మా, బిగుతుగానే ఉండాది. మా ఇంట్లోది చెప్తే నేను వినలే" అన్నాడు. దిగేదాకా మేమిద్దరం కిటికీ బయటి లోకాన్ని ఎంతో శ్రద్ధగా చూశాం. అయినా అత్తకు తెలుగు మీద నమ్మకం పోలేదు. ఆ చొక్కా మీద నమ్మకం మాత్రం పోయింది.

నా సంగతీ చెప్పాలి. బళ్ళో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు నడివయసులో నేర్చుకున్నాను. 'ఋ' చూస్తే ఇప్పటికీ ఎవరో మెట్ల మీద జారి పడుతున్నట్టే కనిపిస్తుంది. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. కాబట్టి తప్పులు పట్టేవాళ్ళు లేరు, పొగిడేవాళ్ళూ లేరు.

ఇలాంటి ఇంటికి మా ఆయన ఒక మాట్లాడే పెట్టెను తెచ్చి టీవీ పక్కన పెట్టారు. పాట అడిగితే పాడుతుంది, వాన అడిగితే చెబుతుంది. తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు. మా తెలుగు మాత్రం దానికి అందలేదు. "అన్నూరులో వాన వచ్చేట్టుగా ఉండాదా?" అని మావాళ్ళ ఊరి సంగతి అడిగితే క్షమించమంది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి క్షమించమంది. అంత మర్యాదస్తురాలిని మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

అత్తకు అది తెగ నచ్చింది. తమిళం వచ్చు, తెలుగు రాదు, కాఫీ అడగదు. అంతకన్నా మంచి చుట్టం ఎక్కడ దొరుకుతుంది? పొద్దున్నే కొంగు సర్దుకుని దాని ముందు నిలబడి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు, "పాట్టు పోడుంగ" అని పాట పెట్టమనేది. ఇంటి సంగతులేవైనా ఉంటే దాని ముందే, మామూలుగా, తెలుగులో.

ఆ సంగతుల్లో ముఖ్యమైనవి చిన్నత్తతో. చిన్నత్త అంటే అత్త చెల్లెలు. మదురై పక్కన నల్లరేగడి పల్లెలో ఇచ్చారు, ఇప్పటికీ పత్తీ మిరపా సాగు చేయిస్తుంది. భర్తలు పోయాక అక్కచెల్లెళ్ళు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోనులో కూర్చునేవాళ్ళు. కూర్చునేవాళ్ళు అనే అనాలి. అత్త చాప వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, గొంతు బయటికి వినపడేట్టు స్పీకరు నొక్కి, గంటకు తక్కువ లేచేది కాదు. వాళ్ళ అమ్మ వాడిన మాటలు కొన్ని ఆ గంటలోనే బతికేవి. నేను వాడితే అత్త నవ్వుతుంది. మా అమ్మాయికి అవి అసలు అర్థమే కావు. ఆ ఫోను ఆగితే ఆ మాటలు ఇంకెక్కడా వినపడవు.

ఒక మధ్యాహ్నం అత్త తనకున్న ఒక ఇబ్బంది గురించి చెల్లెలికి చెప్పుకుంది. ఆ వయసు ఆడవాళ్ళకు వచ్చేదే. ప్రాణానికి భయం లేదు, నలుగురిలో కూర్చోవడానికే భయం. పేరు ఇక్కడ రాయను. నేను ఇంట్లో మనిషిని కాబట్టి వినకుండానే విన్నాను. నాకు తెలుసని ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండడం మా ఇద్దరి ఒప్పందం.

తర్వాత కొన్నాళ్ళకు అత్త తోడికోడలు అన్నూరు నుంచి వచ్చింది. ఈమె మొదటి రకం చుట్టం, తెలుగు క్షుణ్ణంగా తెలిసిన చుట్టం. అందరం టీవీలో పాత పాటలు చూస్తున్నాం. పాట ఆగి ఒక ప్రకటన వచ్చింది. తెల్లచీర పెద్దావిడ ఒకరు బెంగగా కిటికీ పక్కన నిలబడ్డారు. ఒక గొంతు ఆ ఇబ్బందిని పేరుపెట్టి మరీ పిలిచి, 'మీకూ ఉందా?' అని తమిళంలో అడిగింది. ఇంకో పాటయ్యాక మళ్ళీ ఆవిడే, మళ్ళీ ఆ కిటికీయే.

తోడికోడలు తాంబూలం నములుతూ, "ఏమక్కా, మా ఇంటి టీవీలో పంపుసెట్టు వస్తుంది, ఎరువు వస్తుంది. మీ ఇంట్లో ఇది వస్తా ఉండాది. ఇది ఎవురికోసరం?" అంది.

"ఎవురికోసరమూ కాదు. చుమ్మా, ఊరికే వస్తా ఉంటుంది," అంది అత్త.

"చుమ్మా వస్తే మా ఇంటికి రాలేదే!"

అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ తెల్లచీరావిడ నా ఫోనులోకి వచ్చింది. సాయంత్రానికి మా ఆయన ఫోనులోకి వచ్చింది. ప్రకటన అంటే నలుగురికీ ప్రకటించడమని అప్పటిదాకా నేను అంత స్పష్టంగా గ్రహించలేదు.

ఆరోజునుంచి అత్త చెల్లెలి ఫోను ఎత్తడం మానేసింది. మధ్యాహ్నం ఫోను మోగేది. అత్త చాప మీద గోడవైపు తిరిగి పడుకునేది. మోగి మోగి ఆగేది. కొంచెం సేపటికి నాది మోగేది.

"అమ్మిణీ, అక్కకి ఏమాయె? నా మీద ఏమైనా కోపమా?" అని చిన్నత్త.

నేను అత్త దగ్గర కూర్చుని కదిపాను.

"లోకంలో ఆ విషయం దానికొక్కదానికే చెప్పింటిని," అంది అత్త. "టీవీవాడిదాకా పోయిందంటే అది ఎవురికో చెప్పకుండా ఎట్ల పోతుంది?"

"మన పెట్టె విన్నదేమో అత్తా."

"దానికి తెలుగు తెలీదు కదా!"

మా అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. ఇంట్లో తెరలన్నీ వాళ్ళ నాన్న ఖాతాతోనే నడుస్తున్నాయట. ఒకదాంట్లో ఎవరేం చూసినా మిగతావాటికి తెలుస్తుందట. ఎవరు చూశారో, ఏం చూశారో మాత్రం అది మనకు చెప్పదట. మా సంగతులన్నీ మబ్బుల్లో దాచి ఉంటాయని కూడా చెప్పింది. ఇన్ని మబ్బులుండి అన్నూరులో వాన ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

నేరుగా ఆ కంపెనీనే అడుగుదామని ఫోను పట్టుకుని కూర్చున్నాను. సహాయం అని ఉన్నచోట నొక్కితే, నేను అడగని ప్రశ్నలకు జవాబులు వరసగా వచ్చాయి. కింద, 'ఇది మీకు ఉపయోగపడిందా?' అని ఉంది. లేదు అని నొక్కాను. ధన్యవాదాలు అంది. అక్కడ నన్ను వినియోగదారు అని పిలిచారు. వినియోగదారంటే వినేవాడేమో అనుకునేదాన్ని. ఇక్కడ వినేది అవతలివాడు. నా ఒంతు ఒప్పుకోవడం ఒకటే. ఇన్నేళ్ళలో ఎన్ని షరతులకు సరే అన్నానో, ఎన్ని కుకీలకు తలూపానో! ఒక్కటీ తిన్న పాపాన పోలేదు.

"వాళ్ళ వాకిలి ఎక్కడ? పోయి అడుగుదాం," అంది అత్త.

"వాకిలి లేదత్తా."

"వాకిలి లేనివాడికి మన ఇంట్లో ఏమి పని?"

ఆ ప్రశ్నను సహాయం పేజీలో వెతికాను. అక్కడ లేదు.

అత్త తనే ఒక పరీక్ష పెట్టింది. పెట్టె ముందు కూర్చుని, స్పష్టంగా, తెలుగులో, "నాకు ఒక ఊయల కావాల. చెక్క ఊయల. బిడ్డని పండబెట్టేది," అని పొద్దునా సాయంత్రమూ చెప్పింది. పెట్టె పలకలేదు. మా తెరల్లో ఊయల రాలేదు. తెల్లచీరావిడ మాత్రం కిటికీ వదల్లేదు.

"చూస్తివా? దానికి తెలీదు. అప్పురం, ఇంక ఎవురు మిగిల్రి?" అంది అత్త. తీర్పు అయిపోయింది.

నాకు బాధ కలిగించింది ఇదే. ఎక్కడో కూర్చుని మా ఇంటి గుట్టు అందుకున్నది ఎవరో మాకు తెలియదు. వాళ్ళు మాకు సంజాయిషీ ఇవ్వరు, బోనెక్కరు, ముఖమైనా చూపించరు. చేతికందే ముఖం చెల్లెలిదే. అందుకని నింద దాని మీద పడింది.

ఒక పొద్దున చిన్నత్తే మా గుమ్మంలో నిలబడింది. చెప్పకుండా మదురైలో బస్సెక్కి వచ్చేసింది. చేతిలో సంచి, సంచిలో ఎండు మిరపకాయలు. అత్త హాల్లోనే ఉంది. చెల్లెల్ని చూసింది. కొంగు సర్దుకుంది. పక్కింటావిడకు నవ్వే నవ్వు ఒకటి నవ్వి, "వాంగ, ఉక్కారుంగ" అంది.

నేను వంటింటి గడపలో ఆగిపోయాను. మా అత్త తిడుతుందని తెలుసు, అలుగుతుందని తెలుసు. తోడబుట్టినదాన్ని తమిళంలో రమ్మంటుందని అనుకోలేదు.

చిన్నత్త కూర్చోలేదు. సంచి కూడా దించలేదు.

"నన్నా అక్కా, వాంగ అంటా ఉండావు?"

అత్త ఆ నవ్వు చెదరకుండానే కుర్చీ చూపించింది.

"అమ్మ ఉండింటే ఈ మాట అనింటావా? తిట్టాలంటే తిట్టు. తెలుగులో తిట్టు."

అప్పుడు అత్త నోరు తెలుగులోకి వచ్చింది. "ఎవురికి చెప్తివి?"

"ఏమి?"

"నా విషయం. ఎవురికి చెప్తివి?"

"ఎవురికీ చెప్పలే. మా కోడలికి కూడా చెప్పలే. ఫోన్‌ని అడిగితిని, అంతే."

"ఫోన్‌ని అడిగితివా?"

"ఇట్ల ఉంటే ఏమి చెయ్యాలని అడిగితిని. దానికి మన పేచ్చు రాదు, అందుకే తమిళంలో అడిగితిని. ఎవురో డాక్టరమ్మ చెప్తా ఉంది, కూచోని చేసే పయిర్చి, కసరత్తు మాదిరి, చూపిస్తా ఉంది. మంచిగా ఉండాదని నీకు పంపితిని. నువ్వు చూడలేదా?"

అత్త పెట్టెవైపు ఒకసారి, టీవీవైపు ఒకసారి చూసింది.

"చూసినా," అంది. "ఫోన్లో చిన్నదిగా ఉండె. పెద్దగా కనిపిస్తుందని టీవీలో పెట్టుకోని, అందరూ బయటికి పోయినప్పుడు రోజూ చేస్తిని."

టీవీలో పెట్టడం నేర్పింది మా అమ్మాయి. భక్తిపాటల కోసమని నేర్పింది.

చెల్లెలి ప్రేమ తమిళంలో బయలుదేరింది. అక్క నమ్మకంగా దాన్ని టీవీకెక్కించింది. చూడడమూ చెప్పడమే అవుతుందని మా ఇంట్లో ఎవరికి తోస్తుంది? మేము నోరు ఒకటే కాపలా కాసుకున్నాం.

"ఫోనుకి చెప్తే ఎవురికో ఒకరికి చెప్పినట్టే కదే, పిచ్చిదానా," అంది అత్త.

"నువ్వు మాత్రం టీవీకి చూపించలేదా, పిచ్చిదానా," అంది చిన్నత్త, సంచి దించుతూ. తర్వాత, "నొప్పి తగ్గెనా?" అంది.

"కొంచెం తగ్గె," అంది అత్త. చాప తెచ్చి పరిచింది. పెట్టెను చూపించి నాతో, "అమ్మిణీ, దీని వయరు పీకి బయట కూర్చోబెట్టు. ఫోన్లు కూడా. టీవీని ఎత్తలేము, దాని కరెంటు పీకు," అంది.

అన్నీ పీకాను. పెట్టెనూ ఫోన్లనూ ఒళ్ళో వేసుకుని వరండాలోకి నడుస్తుంటే వెనకనుంచి, "నువ్వూ అక్కడే ఉండు," అని వినిపించింది.

వరండాలో మెట్టు మీద కూర్చున్నాను. వినకుండా వినే మనిషిని కదా, ఆరోజు నన్ను కూడా సరైన చోటే కూర్చోబెట్టారు. పక్కన పెట్టె. మేమిద్దరం ఒకే వరసలో కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు వెనక మాటలు వినపడుతున్నాయి, అర్థమయ్యేంతగా కాదు. ఒక నవ్వు వచ్చింది, దాని వెనక ఇంకొకటి.

ఇదంతా రాస్తానంటే అత్త తర్వాత ఒప్పుకుంది. "తెలుగులోనే కదా? మన ఇంట్లో ఎవురు చదివేది? రాసుకో. జబ్బు పేరు మాత్రం వద్దు," అంది. అందుకే పేరు రాయలేదు. తెల్లచీరావిడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. అత్త ఆవిడను చూసి, "పాపం, ఈయమ్మకి ఇంకా తగ్గలే," అంటుంది.

ఆ పొద్దున నేను మెట్టు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లోపలినుంచి అత్త గొంతు, చుట్టాల ముందు వాడే గొంతు కాదు, వీధి చివరిదాకా వినపడే అసలు గొంతు, తెలుగులో కేక వేసింది.

"అమ్మిణీ! పాలు లేవు! పోయి తీసుకురా!"

ఈసారి ముందు గేటు తెరుచుకునే వెళ్ళాను.