పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు గంటంబావు

నేను పదో తరగతి వరకే చదివాను, రాసే అలవాటు లేదు. పోయిన శనివారం ఇక్కడ డాలస్ గుడిలో పులిహోర పెడుతుంటే, ఇర్వింగ్ నుంచి వచ్చే సుజాత, "వదినా, హైదరాబాద్‌కి టికెట్ బుక్ చేస్తున్నా. రాహుకాలం తగలని ఫ్లైట్ చూసిపెట్టవా?" అంది. ఆ అమ్మాయికి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. అందుకే తనకివ్వడానికి ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో మా అక్కకు మంగళవారం ఉదయం తొమ్మిదికి గుండె ఆపరేషన్ అన్నారు. "ఒక్కసారి నీ మొహం చూసి లోపలికెళ్తానే" అంది ఫోన్‌లో. డాలస్ నుంచి ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్కసారి మారితే చాలు. కానీ ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. అందుకని నేనే పట్టుబట్టి ఏడుంబావు విమానానికి టికెట్ తీయించాను. అది ముందు పారిస్, అక్కణ్ణుంచి ఇంకో విమానంలో ఫ్రాంక్‌ఫర్ట్, ఆపైన హైదరాబాద్. ఎలా వెళ్ళినా మంగళవారం తెల్లవారేలోగా చేరతాను. పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మధ్య దూరం నాలుగువందల యాభై కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. డాలస్ నుంచి హ్యూస్టన్ కంటే కాస్త ఎక్కువ, అంతే.

"పైకెళ్ళాక ఏ దేశం గడియారం చూస్తావ్? రాహువుక్కూడా టైమ్‌జోన్లున్నాయా?" అని మా వారు ఆటపట్టించారు. నేను నవ్వలేదు.

ప్లేనోలో మా ఇంటి నుంచి మూడున్నరకు బయల్దేరి నలభై నిమిషాల్లో ఎయిర్‌పోర్ట్ చేరాం. కౌంటర్‌లో అమ్మాయి నా పాస్‌పోర్ట్ రెండుసార్లు తిరగేసి, యూరప్ వీసా ఏదని అడిగింది.

"గ్రీన్‌కార్డ్ ఉందిగా, ఈమె ఎయిర్‌పోర్ట్ బయటికి కూడా వెళ్ళదు. గంటంబావు ఫ్లైట్‌కి వీసా ఏంటి?" అన్నారు మా వారు.

ఆమె ఓపిగ్గానే చెప్పింది. ఒక్క ఊళ్ళో మారితే ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండిపోవచ్చు. రెండు ఊళ్ళయితే, ఆ యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలుండవు కాబట్టి, ఆ మధ్య విమానం వాళ్ళకు లోకల్ బస్సు లాంటిది. పారిస్‌లోనే ఇమ్మిగ్రేషన్ దాటాలి, దాటాలంటే వీసా ఉండాలి. ఐదింటి విమానం పేరు బోర్డు మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. దానికి చెకిన్ అప్పుడే మూసేశారు.

మర్నాడు సాయంత్రం దుబాయ్ మీదుగా సీటు దొరికింది, పద్దెనిమిది వందల డాలర్లకు. డాక్టర్లు ఆగలేమన్నారు. నేను విమానంలో ఉండగానే అక్కను లోపలికి తీసుకెళ్ళారు. బుధవారం ఉదయం ఆసుపత్రికి చేరేసరికి ఐసీయూలో ఉంది. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

అక్క కూతురు స్వప్న నన్ను పట్టుకుని ఏడ్చింది. "లోపలికెళ్ళేదాకా నీ ఫ్లైట్ ఎక్కడుందని అడుగుతూనే ఉంది పిన్నీ. ఆ ఎయిర్‌లైన్ వాళ్ళు నాశనమైపోను, నువ్వేం చేస్తావ్!" అంది. నేను అవునన్నట్టు తల ఊపాను.

నేను ఇప్పటికీ పంచాంగం చూస్తాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఏడుంబావు విమానం మంచి ఘడియలోనే లేచింది, అందులో నేను లేను. అక్క రమ్మన్నదే మంచి ఘడియ అని నాకు తోచలేదు, ఆ లోపం నాదే.

సుజాతా, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు యూరప్‌లో రెండు ఊళ్ళలో మారే టికెట్ కొనేముందు వీసా సంగతి ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. మన భజన ఆడవాళ్ళకూ ఈ మాట చెప్పు. ఈ కాగితాలు మాత్రం నీ దగ్గరే దాచుకో, ఎవరికీ చూపించకు. ఐదింటి విమానం వద్దన్నది నేనేనని స్వప్నకు ఇంకా చెప్పలేదు. అది నా నోటితోనే వినాలి.