నాలుగు డేరాలదా, ఎనిమిది డేరాలదా

సింహానికి భయపడి నేనే వద్దన్నానట. మా పెద్దాడపడుచు చెప్పే కథ ఇది. కలకత్తాలో తెలుగువాళ్ళు పదిమంది ఒకచోట భోజనానికి కూర్చుంటే చాలు, పులిహోర వడ్డన పూర్తవకముందే మొదలెడుతుంది. "మా తమ్ముడు పాపం ఆఫ్రికా అడవిలో కాలినడకన తిరగాలని ఎంతో సరదాపడ్డాడు. మా మరదలికి సింహమంటే హడలు. జీపు దిగనంది." వినేవాళ్ళు నావైపు జాలిగా చూసి, ఇంకో అప్పడం వేయిస్తారు.

ఈ కథలో ఆఫ్రికా ఒక్కటే నిజం.

నేను ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్తున్నాను. ఏటా పిల్లల్ని అలీపూర్ జూకి తీసుకెళ్ళి కటకటాల ముందు నిలబెట్టి నోట్సు రాయిస్తాను. చిరుత పాదముద్ర ఎలా ఉంటుందో ప్లాస్టర్ అచ్చు చేతికిచ్చి చూపిస్తాను. అసలు ముద్రని మట్టిలో ఒక్కసారి కూడా చూడలేదు. సుందర్‌బన్స్‌కి మూడుసార్లు వెళ్ళాను గానీ, అక్కడ లాంచి దిగనివ్వరు. ఇంతలో నా ఎడమ మోకాలి ఎక్స్‌రే చూసిన డాక్టరు, నడవాలనుకున్నదంతా ఈ ఒకటి రెండేళ్ళలో నడిచేయమన్నాడు. అదే ఏడాది మా ఆయన బ్యాంకు నుంచి రిటైరయ్యాడు. జాంబియా వెళ్దామన్నది నేను. మా ఆయన సరదాపడింది ఎక్కడో మా ఆడపడుచే చెప్పాలి.

గరియాహాట్‌లో ట్రావెల్ ఏజెంటు రెండు క్యాంపులు చూపించాడు. నాలుగు డేరాలది ఒకటి, ఎండిన ఏటి ఒడ్డున. వానలకి ఎలాగూ కొట్టుకుపోతుంది గనక ఏటా గడ్డితో, కర్రలతో మళ్ళీ కడతారు. స్నానానికి చెట్టుకొమ్మకి వేలాడదీసిన బకెట్టు. కరెంటు లేదు, జీపు లేదు. పొద్దున్నే తుపాకీ పట్టుకున్న గార్డు ముందు నడుస్తాడు, వెనక మనం ఒకరి తర్వాత ఒకరు, నోరు మూసుకుని నడవాలి.

ఎనిమిది డేరాలది పేరుకే డేరాలు. ఒక్కోదానికీ చెక్క వసారా, రాతి బాత్రూము, ఒక నీళ్ళతొట్టి. అడవి చూపించేది జీపులో. ఆ తొట్టిని వాళ్ళు ఈతకొలను అంటారు. 'ఇక్కడ మీరూ, అడవీ తప్ప మరెవరూ ఉండరు' అని రాసుకున్నారు. కింద ఫొటోలో గ్లాసు అందించడానికి ముగ్గురు నిలబడి ఉన్నారు.

"బౌదీ, రెండోది ఎక్స్‌క్లూజివ్," అన్నాడు ఏజెంటు. ఈ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడదీ ఎవరో ఒకరికి వదినే. "మొదటిదానికి ఎక్కువగా ఫారినర్లు వెళ్తారు."

"జాంబియాలో మనమూ ఫారినర్లమే కదా దాదా."

ఏజెంటు టీ తెప్పించాడు.

మా ఆయనకి మొదట్లో ఏ అభ్యంతరమూ లేదు. "నువ్వే ఎంచుకో, నాకేటి," అన్నాడు. ఆ తర్వాత నాలుగు డేరాలవాళ్ళ నిబంధనల కాగితాలు వచ్చాయి. బ్యాంకు బుర్ర గనక చివరి పేజీ చివరి వాక్యం దాకా చదివాడు. అక్కడ మర్యాదగా రాసి ఉంది: బట్టలు రోజూ ఉతికి ఇస్తాం, స్థానిక ఆచారం ప్రకారం లోబట్టలు మాత్రం మా పనివాళ్ళు ఉతకరు, స్నానం చేసేచోట సబ్బుపొడి ఉంచుతాం.

"ఇదేటే?"

"ఏటుంది? డ్రాయర్లు మనమే ఉతుక్కోవాలి."

"ఎవరు?"

"ఎవరివి వాళ్ళు."

"నాకు రాదు."

స్వాహిలీ రాదన్నంత మామూలుగా అన్నాడు.

"రాకపోవడానికి ఏటుందండీ అందులో? ముంచి, రుద్ది, పిండటమేగా. మూడు నిమిషాలు."

"అలవాటు లేదంటన్నాను."

కానింగ్ లోకల్ రైల్లో వచ్చి మా ఇంట్లో పనిచేసే ఆవిడ, చేరిన రోజే గుమ్మంలో నిలబడి లోబట్టలు ముట్టనని చెప్పింది. అక్కడే పేపరు చదువుతున్న మా ఆయన, అదేమంత పెద్ద విషయమన్నట్టు తల ఊపాడు. బయటివాళ్ళ మర్యాద ఆయనకి చప్పున అర్థమవుతుంది. ఆయన స్నానం చేసి డ్రాయరు బకెట్లో పడేస్తాడు. అది మడతపెట్టి బీరువాలో కనిపిస్తుంది. బకెట్టుకీ బీరువాకీ మధ్య ఏం జరుగుతుందో ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆరా తీయలేదు.

మర్నాటి నుంచి ఎనిమిది డేరాలకి వకీలైపోయాడు. పాములన్నాడు. బీపీ అన్నాడు. "నా సంగతలా ఉంచు, నీ మోకాలి గురించే నా బాధ," అని కూడా అన్నాడు. ఆ మోకాలి కోసమే నడక కావాలంటున్నానని ఎవరికి చెప్పను.

"అక్కడ లోబట్టలు ఉతుకుతారని ఎక్కడ రాశారు?" అన్నాను.

"ఉతకం అని రాయలేదు కదా. రాయని షరతు లేనట్టే. ముప్పై ఆరేళ్ళ సర్వీసు నాది."

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆయన ఏం వినడానికి కాచుక్కూచున్నాడో నాకు తెలుసు. 'సర్లెండి, అక్కడా నేనే ఉతుకుతాను' అంటే అయిపోయేది. పది రోజులు ఎదురుచూశాడు. ఇడ్లీ తింటూ "మరెలా?" అనేవాడు, నేను చట్నీ వేసేదాన్ని. అక్కడుండేది అయిదు రోజులు, రోజుకో డ్రాయరు. ఇంట్లో ఏ మాటా లేకుండా చేసే పనే. కానీ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ ఒప్పుకోలేదు, అలా జరిగిపోతూ వచ్చిందంతే. అడవిలో నడవడానికి అనుమతి కింద ఆ పనిని నోటితో ఒప్పుకోవడం నావల్ల కాలేదు. మా స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ విని, "ఒక్క అబద్ధం ఆడేసి, అక్కడికెళ్ళాక మానేయాల్సింది కదండీ," అంది. నాకా తెలివి లేకపోయింది.

నాలుగు డేరాలదాంట్లో ఒక్కటే మిగిలిందని, శనివారంలోగా చెప్పాలని ఏజెంటు ఫోన్ చేశాడు. శుక్రవారం మా ఆయన "ఏటంటావు మరి?" అన్నాడు. "మీ ఇష్టం," అన్నాను. నా నోట్లోంచి ఊడిపడిన అన్నింటిలోకీ తెలివితక్కువ మాట అదే. వెంటనే ఏజెంటుకి ఎనిమిది డేరాలు ఖాయం చేశాడు. మరుక్షణం న్యూ టౌన్‌లో ఉన్న అక్కగారికి ఫోన్: "దానికి భయమే అక్కా, సింహాలూ అవీనూ." నేను అదే గదిలో బెండకాయలు తరుగుతున్నాను. కాదనాలంటే, అవతల స్పీకర్ ఫోన్లో ఆడపడుచుగారి అల్లుడు కూడా వింటుండగా ఆవిడ తమ్ముడి డ్రాయర్ల గురించి అరవాలి. కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. ఆవిడ కథ అలా పుట్టింది.

వెళ్ళాం. నిద్రపోతున్న మూడు సింహాల చుట్టూ నాలుగు జీపులు. అలీపూర్‌లో కనీసం నేలమీద నిలబడి చూసేదాన్ని. మూడో రోజు పొద్దున్న డ్రైవరు బండి ఆపి, పక్క దుమ్ములో చిరుత పాదముద్ర చూపించాడు. నాలుగు వేళ్ళూ, మడమా స్పష్టంగా, అంచులు ఇంకా రాలలేదు. దిగుతానన్నాను. దిగకూడదన్నాడు. ఇరవై రెండేళ్ళు అచ్చులో చూపించినదాన్ని ఆరడుగుల ఎత్తునుంచి చూశాను. మా ఆయన దాన్ని ఫొటో తీసి అక్కగారికి పంపాడు.

ఆ సాయంత్రమే, ఉతకడానికిచ్చిన బట్టల సంచి తిరిగి వచ్చింది. చొక్కాలు ఇస్త్రీ చేసి ఉన్నాయి. వాటి మీద విడిగా కాగితం కవర్లో ఆయన డ్రాయర్లు మూడు, ఇచ్చినవి ఇచ్చినట్టే. పక్కన సబ్బుపొడి పొట్లం. ఆయన కవరు చూశాడు, నన్ను చూశాడు. నేను బైనాక్యులర్లు తీసుకుని వసారాలోకి వెళ్ళి నీటిగుర్రాల్ని చూశాను. అవి అంత చూడదగినవేం కాదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం ముగించుకుని నేను డేరాకి వచ్చేసరికి, వెనక కమ్మీ మీద మూడూ వరసగా ఆరేసి ఉన్నాయి. చుక్క నీరు ఓడటం లేదు. గట్టిగా పిండి, దులిపి, నడుం పట్టీలు పైకి ఉండేలా ఆరేసినవి. నేనైతే అంత శ్రద్ధ పెట్టను.

"ఎవరు ఉతికారు?"

"ఆరనీ," అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. అది అయిదు రోజుల నాటి పేపరు.

తిరిగొచ్చి ఏడాదిన్నర అయింది. మా ఇంటి దగ్గరి లేక్ చుట్టూ ఇప్పుడు సగమే నడవగలుగుతున్నాను, అదీ మోకాలికి పట్టీ వేసుకుని. ఇంట్లో బకెట్టు మామూలే. ఆ మూడింటి సంగతి నాలుగుసార్లు అడిగాను. ఒకసారి నవ్వాడు, ఒకసారి లేచి వెళ్ళిపోయాడు, మిగతా రెండుసార్లూ వినబడనట్టు పేపరు తిరగేశాడు. ఎవరో పనివాణ్ణి బతిమాలి ఉతికించుకున్నాడంటే, నాలుగు డేరాల్లోనూ బతిమాలుకోవచ్చు. తనే ఉతుక్కున్నాడంటే, రాదన్న పని ఒక్క పూటలో అంత శుభ్రంగా వచ్చిందంటే, నా నడక పోగొట్టి ఆయన దక్కించుకున్నదేమిటి?